గీసింది 6.4 మి.మీ., మిగిలింది 3.7: ఒక పవర్ సప్లై బోర్డు ప్రాజెక్టు డైరీ

చేస్తున్నది చిన్న పవర్ సప్లై. లోపలికి 230 వోల్టుల ఏసీ, బయటికి 12 వోల్టుల డీసీ, 1 ఆంపియర్. ఫ్లైబ్యాక్ (ట్రాన్స్‌ఫార్మర్‌కి కరెంటుని వేగంగా ఇస్తూ ఆపుతూ నడిచే) సర్క్యూట్, ప్లాస్టిక్ పెట్టె, ఎర్త్ పిన్ లేదు, అంటే క్లాస్ 2. సర్క్యూట్ ఎలా పనిచేస్తుందో ఇక్కడ రాయడం లేదు. డైరీ అంతా ఒకే విషయం మీద: కరెంటు వైపుకీ (ప్రైమరీ), మనిషి చేయి తగిలే వైపుకీ (సెకండరీ) మధ్య ఎంత ఎడం ఉండాలి, స్క్రీన్ మీద గీసిన ఆ ఎడం బోర్డు తయారై పెట్టెలో కూర్చునేసరికి ఎంత మిగులుతుంది. ఇలాంటిదే చేసేవాళ్లు ఈ అంకెలు వాడుకోవచ్చు, కానీ మీ వోల్టేజ్ మీరు కొలుచుకోకుండా మాత్రం వాడొద్దు. ఎందుకో దశ 1లోనే తెలుస్తుంది.

దశ 1: ఎంత ఎడం కావాలి

ముందు రెండు దూరాలను విడదీసుకోవాలి. క్లియరెన్స్ అంటే రెండు లోహ భాగాల మధ్య గాలిలో ఉండే అతి తక్కువ దూరం. క్రీపేజ్ అంటే ఆ రెంటి మధ్య ఇన్సులేషన్ ఉపరితలాన్ని అంటిపెట్టుకుని వెళ్తే వచ్చే అతి తక్కువ దూరం. ఈగ ఎగిరే దారి ఒకటి, చీమ నడిచే దారి ఒకటి. ఒకే బోర్డు మీద ఉన్నా రెంటికీ వచ్చే ముప్పు వేరు. దూరంగా పిడుగు పడినప్పుడో, అదే లైను మీద పెద్ద లోడ్ ఆగినప్పుడో రెప్పపాటు కూడా ఉండని పెద్ద వోల్టేజ్ ఒకటి వచ్చిపోతుంది, దాన్ని తట్టుకోవాల్సింది క్లియరెన్స్. క్రీపేజ్ విషయంలో అంతా నిదానంగా జరుగుతుంది. దుమ్ము, తేమ, ఫ్లక్స్ (సోల్డర్ చేసేటప్పుడు వాడే జిగట) మరక కలిసి ఉపరితలం మీద కొద్దిగా కరెంటు పాకనిస్తాయి, తడి ఆరే చోట చిన్న చిన్న నిప్పురవ్వలు పుడతాయి, ప్లాస్టిక్ కొంచెం కొంచెంగా బొగ్గవుతుంది, కొన్నేళ్లకు ఆ బొగ్గు దారే తీగలా పనిచేస్తుంది. అందుకే క్లియరెన్స్‌కి పీక్ (అత్యధిక) వోల్టేజ్ చూస్తారు, క్రీపేజ్‌కి ఆర్ఎంఎస్ (నిలకడగా పనిచేసే సగటు లాంటి) వోల్టేజ్ చూస్తారు.

నేను తేల్చుకున్న వరుస ఇది:

1. ప్రమాణం: ఐఈసీ 62368-1. పాత 60950-1, 60065 రెంటి స్థానంలో వచ్చింది. దీని పట్టికలకు మూలం ఐఈసీ 60664-1.
2. ఓవర్‌వోల్టేజ్ కేటగిరీ 2, అంటే గోడ సాకెట్‌లో పెట్టే పరికరం. 230 వోల్టుల లైనుకి తట్టుకోవాల్సిన ట్రాన్సియెంట్ (పైన చెప్పిన రెప్పపాటు వోల్టేజ్) 2500 వోల్టులు.
3. పొల్యూషన్ డిగ్రీ 2: పొడి దుమ్ము, అప్పుడప్పుడు తేమ పట్టడం.
4. మెటీరియల్ గ్రూప్ 3ఏ: మామూలు ఎఫ్ఆర్-4 బోర్డు.
5. ఇన్సులేషన్ రకం: రీఇన్‌ఫోర్స్‌డ్. అంటే మామూలు (బేసిక్) ఇన్సులేషన్‌కి రెట్టింపు స్థాయి. ఎర్త్ లేదు కాబట్టి మనిషికి ఉన్న రక్షణ ఇదొక్కటే.

నాలుగో అంశం గురించి కొంచెం చెప్పాలి. గ్రూపుని తేల్చేది సీటీఐ అనే అంకె. ఐఈసీ 60112 పరీక్షలో నమూనా మీద 4 మి.మీ. ఎడంతో రెండు ప్లాటినం ఎలక్ట్రోడ్లు ఆనించి, మధ్యలో 0.1 శాతం అమోనియం క్లోరైడ్ నీటిని 30 సెకన్లకొక చుక్క చొప్పున 50 చుక్కలు వేస్తారు. అంతవరకూ బొగ్గు దారి పడకుండా తట్టుకున్న గరిష్ఠ వోల్టేజే సీటీఐ. 600, ఆపైన అయితే గ్రూప్ 1, 400 నుంచి 599 గ్రూప్ 2, 175 నుంచి 399 గ్రూప్ 3ఏ, 100 నుంచి 174 గ్రూప్ 3బీ. లామినేట్ (బోర్డు చేసే ముడి పలక) డేటాషీట్‌లో సీటీఐ బదులు దాని శ్రేణి సంకేతంగా పీఎల్‌సీ 3 అని ఉంటే 175 నుంచి 249 మధ్య అని అర్థం. ఏ కాగితమూ లేని బోర్డుకి గ్రూప్ 3 అనుకోవడమే క్షేమం.

సీటీఐ 600 ఉన్న ఖరీదైన లామినేట్ తీసుకుంటే క్రీపేజ్ సగానికి తగ్గుతుంది కదా అని లెక్క వేసి చూశాను. తగ్గుతుంది, కానీ బోర్డు మీద మాత్రమే. ట్రాన్స్‌ఫార్మర్ బాబిన్ (తీగ చుట్టే చట్రం) ప్లాస్టిక్ వేరు, ఆప్టోకప్లర్ (రెండు వైపుల మధ్య సిగ్నల్‌ని కాంతితో దాటించే భాగం) ఒంటి ప్లాస్టిక్ వేరు, వాటి మీద నడిచే దారికి వాటి గ్రూపే వర్తిస్తుంది. పైగా క్రీపేజ్ ఎప్పుడూ క్లియరెన్స్ కన్నా తక్కువ ఉండకూడదు. అందుకని ఆ ఆలోచన అక్కడే ఆపాను.

క్లియరెన్స్ లెక్క: 2500 వోల్టులకు బేసిక్ 1.5 మి.మీ., రీఇన్‌ఫోర్స్‌డ్ 3.0 మి.మీ. ఇవి 2000 మీటర్ల ఎత్తు వరకు. ఆపైన గాలి పలచబడుతుంది కాబట్టి పెంచాలి: 3000 మీటర్లకు 1.14 రెట్లు, 4000కు 1.29, 5000కు 1.48. ఎక్కడికి పోయినా పనికిరావాలని 5000 పెట్టుకున్నాను. 3.0 × 1.48 = 4.44, పైకి సవరిస్తే 4.5 మి.మీ. ఎత్తు గుణకం క్రీపేజ్‌కి లేదు.

క్రీపేజ్ లెక్క: చాలామంది 250 వోల్టుల వరుస చూసి 2.5, దానికి రెట్టింపు 5.0 మి.మీ. అని ముగిస్తారు. లైను వోల్టేజ్ ఒక్కటే ఉన్న చోట అది సరిపోతుంది. ఫ్లైబ్యాక్ ట్రాన్స్‌ఫార్మర్ పిన్నుల మధ్య ఉండేది లైను వోల్టేజ్ కాదు, కొలవాలి.

కొలిచిన పద్ధతి:

1. అవుట్‌పుట్ మైనస్‌ను ఒక తీగతో లైను న్యూట్రల్‌కి కలిపాను. ఆ తీగ ఉన్నంతసేపు 12 వోల్టుల వైపు కూడా కరెంటు ఉన్నట్టే, చేయి పెట్టకూడదు.
2. డిఫరెన్షియల్ ప్రోబ్ వాడాను. మామూలు ప్రోబ్ గ్రౌండ్ క్లిప్పు ప్రైమరీ వైపు ఎక్కడా తగిలించకండి.
3. రేటెడ్ వోల్టేజ్, పూర్తి లోడ్.
4. ప్రతి ప్రైమరీ పిన్ నుంచి ప్రతి సెకండరీ పిన్‌కి పీక్, ట్రూ ఆర్ఎంఎస్ రెండూ రాసుకున్నాను. స్కోప్ విండోలో లైను సైకిళ్లు పూర్తిగా పట్టేలా పెట్టాలి, స్విచింగ్ సైకిల్ ఒక్కటే చూస్తే ఆర్ఎంఎస్ తప్పు వస్తుంది.

వచ్చినవి:

- బల్క్ ప్లస్ (ఏసీ నుంచి మారిన డీసీ ఉండే) పిన్ నుంచి సెకండరీకి: పీక్ 330, ఆర్ఎంఎస్ 205
- ఆగ్జిలరీ పిన్ నుంచి సెకండరీకి: పీక్ 345, ఆర్ఎంఎస్ 210
- డ్రెయిన్ (స్విచింగ్ ట్రాన్సిస్టర్‌కి కలిసే) పిన్ నుంచి సెకండరీకి: పీక్ 520, ఆర్ఎంఎస్ 278

278ని 280 అనుకుందాం. పట్టికలో 250కి 2.5, 320కి 3.2. మధ్య అంకెలను వరుస లెక్కతో తీసుకోవచ్చు కాబట్టి 280కి 2.8, రీఇన్‌ఫోర్స్‌డ్‌కి రెట్టింపు 5.6 మి.మీ. గ్రూప్ 3, పొల్యూషన్ డిగ్రీ 2 అయితే ఈ శ్రేణిలో 100 వోల్టులకు 1 మి.మీ. అని గుర్తుపెట్టుకోవచ్చు. స్విచింగ్ 30 కిలోహెర్ట్‌జ్ దాటింది కాబట్టి అధిక ఫ్రీక్వెన్సీ పట్టిక కూడా చూశాను, 520 వోల్టుల పీక్‌కి అది అడిగేది ఇంతకన్నా చాలా తక్కువ. ఇదే పెట్టె దుమ్ము, తడి ఎక్కువున్న చోట, అంటే పొల్యూషన్ డిగ్రీ 3లో వాడేదైతే 250 వోల్టులకే 8.0 మి.మీ. కావాలి. అప్పుడు ఈ బోర్డు పరిమాణమే మారిపోతుంది.

డ్రెయిన్ పిన్ దగ్గర తప్ప మిగతా చోట్ల 5.6 అవసరం లేదు. అయినా ఐసోలేషన్ గీత (ప్రైమరీ, సెకండరీలను విడదీసే ఖాళీ పట్టీ) పొడవునా ఒకే అంకె పెట్టుకున్నాను, రేపు ఎవరైనా ట్రాక్ జరిపినా మళ్లీ లెక్కలు తీయాల్సిన పని ఉండదు.

ఇప్పటికి లెక్క: క్లియరెన్స్ 4.5, క్రీపేజ్ 5.6. గీయాల్సింది 6.4, అంటే చేతిలో 0.8 మిగులు.

దశ 2: ఖాళీ బోర్డు వచ్చాక

పనిముట్లు: డిజిటల్ వెర్నియర్, యూఎస్‌బీ మైక్రోస్కోపు (స్కేలు పెట్టి సరిచూసుకున్నది), ఫీలర్ గేజ్, 0.5 నుంచి 8 మి.మీ. వరకు డ్రిల్ బిట్లు. బిట్ల నున్నటి వెనక భాగం పిన్ గేజ్‌లా పనికొస్తుంది, ముందు వెర్నియర్‌తో కొలిచి అసలు వ్యాసం దాని మీదే రాసుకోవాలి.

రాగి నుంచి రాగికి, గీసింది 6.4, వచ్చింది 6.33. దీని గురించి ఆలోచించాల్సింది ఏమీ లేదు. సోల్డర్ మాస్క్‌ని, దాని మీది తెల్ల అక్షరాలని ఇన్సులేషన్‌గా లెక్కపెట్టకూడదు, కొలిచేటప్పుడు అవి లేనట్టే.

ఇబ్బంది ఆప్టోకప్లర్ దగ్గర. నాలుగు కాళ్ల డిప్ రకం, కాళ్ల మధ్య 7.62 మి.మీ. అంకె చూస్తే బోలెడంత ఉన్నట్టుంది. కానీ సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో ఉన్న ప్యాడ్ (కాలిని సోల్డర్ చేసే రాగి మచ్చ) అండాకారం, పొడవు 2.4, ఆ పొడవు సరిగ్గా గీతకు అడ్డంగా ఉంది. 7.62 లోంచి 2.4 పోతే 5.22. డిజైన్ రూల్ చెక్ (గీసిన దూరాలను సాఫ్ట్‌వేర్ తనే సరిచూడటం) దీన్ని పట్టలేదు, ఎందుకంటే ఒకే ఫుట్‌ప్రింట్‌లోని (ఒక భాగానికి గీసిన చోటు) ప్యాడ్ల మధ్య దూరం చూడొద్దని ఆ సాఫ్ట్‌వేర్‌లో డిఫాల్ట్ సెట్టింగ్. మీ దాంట్లో ఆ టిక్కు ఎలా ఉందో చూసుకోండి.

ఆప్టో కింద స్లాట్ (బోర్డులో ఆరపార కోసిన గాడి) ఉంది కదా, అది కాపాడుతుంది కదా అంటే, అదీ లేదు. బోర్డు చేసేవాళ్లు తేలిగ్గా చేయగలిగిన 0.8 మి.మీ. వెడల్పు స్లాట్ వేశాం. గాడిని క్రీపేజ్ లెక్కలోకి తీసుకోవాలంటే దాని వెడల్పు ఒక కనీస కొలత ఉండాలి: పొల్యూషన్ డిగ్రీ 1లో 0.25, డిగ్రీ 2లో 1.0, డిగ్రీ 3లో 1.5 మి.మీ. అంతకన్నా సన్నగా ఉంటే దుమ్ము పూడి మూసుకుపోతుందని, గాడే లేనట్టు నేరుగా దాటించి కొలుస్తారు. క్లియరెన్స్ 3 మి.మీ. కన్నా తక్కువున్న చోట ఆ కొలతను క్లియరెన్స్‌లో మూడో వంతుకు తగ్గించుకోవచ్చనే వెసులుబాటు ఒకటి ఉంది. మనకు కావాల్సింది 3.0, ఎత్తు కలిపితే 4.5, కాబట్టి అదీ వర్తించదు. 0.8 మి.మీ. స్లాట్ ఈ బోర్డులో ఒక రంధ్రం, అంతే.

ఇప్పటికి లెక్క (మొదటి బోర్డు, కావాల్సింది 5.6):

- రాగి నుంచి రాగికి 6.3, చాలు
- ఆప్టో ప్యాడ్ల మధ్య 5.2, చాలదు
- ఆప్టో కింది స్లాట్ లెక్కలోకి రాదు
- వై కెపాసిటర్ ప్యాడ్ల మధ్య 8.2, చాలు

వై కెపాసిటర్ గురించి ఒక్క మాట. ఇక్కడ ప్రైమరీ నుంచి సెకండరీకి వంతెనలా పడేది వై1 రకం అయ్యుండాలి, లేదా రెండు వై2లు వరుసగా. ఒంటరి వై2 పెట్టకూడదు.

దశ 3: హైపాట్ పాసైంది

భాగాలన్నీ పెట్టి, లోపాలు తెలిసినవే కాబట్టి, మొదటి బోర్డునే హైపాట్ (ఎక్కువ వోల్టేజ్ పెట్టి ఇన్సులేషన్ తట్టుకుంటుందా అని చూసే పరీక్ష) మీద పెట్టాం. 3000 వోల్టుల ఏసీ, 60 సెకన్లు, దాని పీక్ 4242 వోల్టులు, కావాల్సిన 4000 పీక్ దాటుతుంది. ట్రిప్ (ఇంత దాటితే ఫెయిల్) 3 మిల్లీఆంపియర్లు. వై కెపాసిటర్ 1 నానోఫారడ్ కాబట్టి 50 హెర్ట్‌జ్ దగ్గర దాని గుండానే 0.94 మి.ఆం. పోవాలి, మీటర్ 0.97 చూపించింది. పాస్.

ఈ పాస్ చాలామందిని నిద్రపుచ్చుతుంది, అందుకే దీని దగ్గర ఆగుతున్నాను. హైపాట్ చూసేది గాలి ఎడాన్నీ ఘన ఇన్సులేషన్‌నీ, అదీ శుభ్రంగా పొడిగా ఉన్న బోర్డు మీద, ఒక్క నిమిషం. ఆప్టో దగ్గర 5.2 ఉన్నా, 4 ఉన్నా ఈ పరీక్షకు తేడా తెలియదు. క్రీపేజ్‌ని పరీక్షించే మీటర్ ఏదీ బల్ల మీద లేదు. స్కేలు పట్టుకుని కొలవడం, మెటీరియల్ కాగితం చూడటం, ఈ రెండే మార్గాలు. పాసైన ఇదే బోర్డులో తర్వాత దశలో 3.7 బయటపడింది.

దశ 4: ట్రాన్స్‌ఫార్మర్

ఎక్కువ సమయం పోయింది ఇక్కడే.

ఫెరైట్ కోర్ నల్లగా, రాయిలా ఉంటుంది, చూస్తే ఇన్సులేటర్ అనిపిస్తుంది. భద్రతా లెక్కల్లో దాన్ని వాహకంగానే తీసుకోవాలి. అప్పుడు దారి ఇలా ఉంటుంది: ప్రైమరీ పిన్, బాబిన్ ప్లాస్టిక్, కోర్, మళ్లీ బాబిన్ ప్లాస్టిక్, సెకండరీ పిన్. కోర్ మీద నడిచిన దూరం సున్నా. మిగిలిన రెండు ముక్కలే కలపాలి.

కొలత:

1. ప్రైమరీ పిన్‌కి చుట్టిన తీగ సోల్డర్ ముద్ద నుంచి కోర్ అంచుకి 1.5 మి.మీ.
2. కోర్ అంచు నుంచి సెకండరీ పిన్ సోల్డర్ ముద్దకి 2.2 మి.మీ.
3. మొత్తం 3.7 మి.మీ.

క్లియరెన్స్‌గా చూస్తే 2000 మీటర్ల లోపు కావాల్సిన 3.0 దాటింది, హైపాట్‌లో నిలబడటానికి కారణం అదే. క్రీపేజ్‌గా చూస్తే 5.6కి 1.9 తక్కువ. బాబిన్ డ్రాయింగ్‌లో పిన్నుల వరుసల మధ్య 10 మి.మీ. పైనే ఉంటుంది, అందరి కన్నూ దాని మీదే ఉంటుంది, కోర్ ఆ దూరాన్ని మధ్యలో మింగేస్తుందని డ్రాయింగ్‌లో ఎక్కడా కనపడదు.

వార్నిష్‌లో ముంచితే సరిపోదా అని అడగొచ్చు. సరిపోదు. వార్నిష్ తీగలు కదలకుండా పట్టుకుంటుంది, దూరానికి బదులు రాదు. బోర్డు మీద లాకర్ పూయడం కూడా అంతే. పూతను లెక్కలోకి తీసుకోవాలంటే ఐఈసీ 60664-3 పరీక్షలు వేరే చేయించాలి.

మార్చినది, కారణంతో:

1. కోర్‌ని పూర్తిగా ప్రైమరీ అనుకున్నాం. ఇటు కొంచెం, అటు కొంచెం పంచుకునే లెక్క వదిలేశాం, ఎందుకంటే కోర్ అతికించేటప్పుడు అర మిల్లీమీటరు అటో ఇటో జరుగుతుంది. ఇక ఐసోలేషన్ అంతా కోర్‌కీ సెకండరీకీ మధ్యే.
2. సెకండరీని ట్రిపుల్ ఇన్సులేటెడ్ తీగతో చుట్టించాం. ఆ తీగ కోర్‌ని తాకినా ఇబ్బంది లేదు, దాని మూడు పొరలే రీఇన్‌ఫోర్స్‌డ్ ఇన్సులేషన్.
3. సెకండరీ కొనలను బాబిన్ పిన్‌కి చుట్టకుండా నేరుగా బోర్డు రంధ్రంలోకి తెచ్చాం. రంధ్రం కోర్ అంచు నుంచి 7.5 మి.మీ.

మొదటి నమూనాలో మూడో మార్పు దగ్గర మళ్లీ తేడా. ఆ తీగ పై పొరలు ఒలవకుండానే సోల్డర్ చేయొచ్చు, వేడికి ఇన్సులేషన్ కరిగి పక్కకు పోతుంది. అయితే 400 డిగ్రీల బిట్‌ని తీగ మీద ఒక సెకను ఎక్కువ ఉంచితే కరగడం పైకి పాకుతుంది. కావాల్సింది బోర్డు పైన 1 మి.మీ. కన్నా తక్కువ, మైక్రోస్కోపు కింద చూస్తే కొన్నింటిలో 4.5 మి.మీ. దాకా రాగి బయటపడి ఉంది, తీగ కోర్ వైపు వంగి ఉండటంతో మిగిలిన ఎడం 3.4. వైండింగ్ డ్రాయింగ్‌లో కొత్తగా రాసినవి: కొనను ముందే సోల్డర్ కుండలో ముంచి తేవాలి, ముంచే పొడవు 3 మి.మీ. దాటకూడదు, ఆ గుర్తు బోర్డు కిందికి దిగాలి. చేతి బిట్‌తో కరిగించడం మానేశాక రాగి బయటపడే పొడవు 0.7 దగ్గర నిలిచింది.

ఇప్పటికి లెక్క: కోర్ నుంచి సెకండరీకి 3.4 నుంచి 6.8కి వచ్చింది.

దశ 5: వేలితో నొక్కి కొలవడం

బోర్డు నిశ్చలంగా ఉన్నప్పుడు కొలిచిన దూరం ప్రమాణానికి అక్కర్లేదు. లోపలి భాగాలను 10 న్యూటన్ల బలంతో, అంటే సుమారు 1 కిలో బరువు పడినంతగా, అన్ని వైపులా నెట్టి అప్పుడు కొలవాలి. బయటి పెట్టెకి కూడా విడిగా బలం పరీక్షలు ఉన్నాయి. స్ప్రింగ్ త్రాసు కొక్కేనికి ప్లాస్టిక్ పుల్ల కట్టి నెట్టాను.

దొరికినవి:

వై కెపాసిటర్. పొడుగు కాళ్ల మీద నిలబడ్డ గుండ్రటి బిళ్ల, నెడితే ట్రాన్స్‌ఫార్మర్ మీద వాలిపోయింది. సెకండరీ వైపు కాలు పూత లేని చోట కోర్ నుంచి 2 మి.మీ. దూరానికి వచ్చింది. కాళ్లు పొట్టిగా కోసి బిళ్లని బోర్డుకి దగ్గరగా కూర్చోబెట్టాం, చోటు 3 మి.మీ. జరిపాం.

జిగురు. ఆ వాలడం ఆపడానికి ముందు వేసిన చుక్క జిగురు స్లాట్‌లోకి కారి రెండు అంచులనూ కలిపేసింది. స్లాట్ మీద వంతెన కట్టాక క్రీపేజ్ ఆ వంతెన మీదుగానే నడుస్తుంది, ఎంత వెడల్పు స్లాట్ వేసినా ఫలితం లేదు. పాత పరికరాల్లో కనిపించే పసుపు రంగు జిగురు అయితే అసలు వాడకండి, వేడికి ఏళ్లు గడిచేకొద్దీ గోధుమ రంగుకి తిరిగి కరెంటు పోనిస్తుంది, పక్కనున్న కాళ్లని తింటుంది. ఎలక్ట్రానిక్స్ కోసం చేసిన సిలికోన్‌కి మారాం, బోర్డు మీద జిగురు పడాల్సిన వలయం గీశాం, స్లాట్‌కి 5 మి.మీ. లోపల జిగురు ఉండకూడదని అసెంబ్లీ షీట్‌లో రాశాం.

స్క్రూ. ఇది లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే చాలా డ్రాయింగుల్లో ఇదే కనిపిస్తుంది. బోర్డు బిగించే 3 మి.మీ. స్క్రూ దిగేది పెట్టె అడుగున బయటికి తెరుచుకున్న ఇత్తడి ఇన్సర్ట్‌లోకి, అంటే వేలికి తగిలే లోహం. రంధ్రం అంచు నుంచి ప్రైమరీ ట్రాక్‌కి 7.0 గీశాం.

1. రంధ్రం వ్యాసం 3.2, కాబట్టి కేంద్రం నుంచి ట్రాక్‌కి 7.0 + 1.6 = 8.6
2. వాషర్ బయటి వ్యాసం 7.0, సగం 3.5. 8.6 − 3.5 = 5.1
3. స్క్రూ రంధ్రంలో 0.1, వాషర్ స్క్రూ మీద 0.1 జరగొచ్చు. 5.1 − 0.2 = 4.9

వాషర్ తీసేస్తే 5.6 దాటుతుంది. కానీ ఎప్పుడో రిపేరు చేసేవాళ్లు వాషర్ వేసి బిగిస్తే మళ్లీ మొదటికే. ట్రాక్‌ని 1.2 మి.మీ. వెనక్కి జరపడం నయం. వాషర్ ఉన్నా ఇప్పుడు 6.1.

కాళ్ల వంపు. సోల్డర్ చేసేముందు భాగాలు పడిపోకుండా కింద కాళ్లు వంచుతారు. గీత వైపు వంచితే ఒక్కో కాలు 1 మి.మీ. పైగా తింటుంది. గీతకు సమాంతరంగా వంచాలని బాణం గుర్తులు ముద్రించాం.

హీట్‌సింక్ నెట్టినా కదల్లేదు, సరే.

దశ 6: రెండో బోర్డు

మార్పులు:

1. ఆప్టో ప్యాడ్ గీతకు అడ్డంగా 1.5 మి.మీ. వెడల్పు, బలం కోసం నిలువుగా 2.4. ప్యాడ్ల మధ్య 7.62 − 1.5 = 6.12.
2. స్లాట్ వెడల్పు 1.2. కనీసం 1.0 కావాలి కాబట్టి 0.1 తేడా వచ్చినా నిలబడుతుంది.
3. స్లాట్ పొడవు ప్యాడ్ల అంచు దాటి రెండు వైపులా 3 మి.మీ. పొట్టి స్లాట్ వేస్తే చీమ పక్కనుంచి చుట్టి వస్తుంది. ఈ కొలతలతో ప్యాడ్ నుంచి స్లాట్ కొన చుట్టి అవతలి ప్యాడ్‌కి దారి సుమారు 8.6.
4. ఒకే ఫుట్‌ప్రింట్ ప్యాడ్లను కూడా చూసేలా రూల్ చెక్ మార్చడం.

రెండు జాగ్రత్తలు. స్లాట్ వల్ల పెరిగేది క్రీపేజ్ మాత్రమే, గాలిలో దూరం అదే 6.12. ఆప్టో ఒంటి మీది దారికీ స్లాట్‌కీ సంబంధం లేదు, అది డేటాషీట్‌లో చూడాలి, మేం వాడినదానికి కనీసం 7 మి.మీ. అని ఉంది. ఇంకా ఎక్కువ కావాల్సిన వాళ్లకి కాళ్లు 10.16 మి.మీ. ఎడంగా విప్పిన రకం దొరుకుతుంది.

ఫైళ్లు పంపేముందు బోర్డుని కాగితం మీద అసలు సైజులో ముద్రించి ట్రాన్స్‌ఫార్మర్‌ని దాని మీద నిలబెట్టాను. అప్పుడు తెలిసింది, వేడి కోసం సెకండరీ రాగిని వెడల్పు చేసినప్పుడు అది కోర్ నీడలోకి 4 మి.మీ. వచ్చేసింది. బాబిన్ పాదాలు కోర్‌ని బోర్డు నుంచి ఎత్తి ఉంచేది 1 మి.మీ. మాత్రమే. కోర్ ప్రైమరీ అనుకున్నాం కాబట్టి గీత అటూ ఇటూ 6.4 ఉన్నా, పై నుంచి కిందికి 1 మి.మీ. రూల్ చెక్ రాగిని మాత్రమే చూస్తుంది, పైన కూర్చునే కోర్ దానికి తెలియదు. రాగిని కోర్ అంచు బయటికి 6.5 వెనక్కి లాగి, ఆ వలయాన్ని రాగి పోయకూడని చోటుగా ఫుట్‌ప్రింట్‌లోనే గీసేశాను. ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడికి జరిగినా వలయం దానితోపాటే వెళ్తుంది.

ఇప్పటికి లెక్క (రెండో బోర్డు, 10 న్యూటన్లతో నెట్టి, కావాల్సింది 5.6):

- రాగి నుంచి రాగికి 6.3
- ఆప్టో, బోర్డు మీద 8.6, ఒంటి మీద 7.0
- వై కెపాసిటర్, కాళ్ల వంపుతో సహా 7.4
- కోర్ నుంచి సెకండరీ తీగకి 6.8, నెట్టాక 6.4
- కోర్ నుంచి సెకండరీ రాగికి 6.5
- స్క్రూ వాషర్ నుంచి ప్రైమరీకి 6.1
- అన్నిటికన్నా తక్కువ 6.1, మిగులు 0.5

గీసేటప్పుడు పెట్టుకున్న 0.8 మిగులులో 0.3 ఇప్పటికే ఖర్చయింది. మొదటే సరిగ్గా 5.6 గీసుంటే ఇది ఫెయిలయ్యేది.

దశ 7: తేమ గది, తర్వాత హైపాట్

93 శాతం తేమలో 48 గంటలు ఉంచి, బయటికి తీసిన వెంటనే 3000 వోల్టుల ఏసీ. లీకేజ్ ముందు 0.97, తర్వాత 0.99 మి.ఆం. పాస్. ఒక బోర్డుని కావాలనే ఫ్లక్స్ కడగకుండా పెట్టాం, దాని లీకేజ్ 1.12. అదీ పాసే, కానీ పెరుగుదల ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతూనే ఉంది కాబట్టి గీత వెంబడి కడగడం అసెంబ్లీ షీట్‌లోకి ఎక్కించాం.

ఇక ప్రతి లాట్‌కీ మిగిలిన పని. ట్రాన్స్‌ఫార్మర్లు కొత్త లాట్ వచ్చినప్పుడల్లా కొన్ని తీసి బోర్డులో పెట్టి సోల్డర్ చేసి, కోర్‌ని సెకండరీ వైపు నెట్టి పట్టుకుని, కోర్ అంచుకీ తీగ రాగి కనపడే చోటుకీ మధ్య 6.0 మి.మీ. డ్రిల్ బిట్ వెనక భాగం దూర్చి చూడాలి. వదులుగా దూరితే లాట్ తీసుకుంటాం, బిగిస్తే మైక్రోస్కోపు కింద పెట్టి కొలుస్తాం, దూరకపోతే లాట్ వెనక్కి వెళ్తుంది.